పాట ఆగినచోట రెండు చప్పట్లు

సూదక్క కుట్టుమిషను ఆగితే వర్షం వినిపిస్తుంది. ఆ సంగతి నేను కనిపెట్టిన మధ్యాహ్నం నా కోటు ఆవిడ ఒళ్లో ఉంది, నేను గుమ్మం పక్క బల్ల మీద సగం నిద్రలో ఉన్నాను. కోటు లోపలి గుడ్డ చంక దగ్గర చిరిగి చాలా కాలమైంది. ఆ చిరుగులోంచి రైలు టిక్కెట్లూ, పెన్సిలు ముక్కలూ, ఒక చలికాలమంతా వెతికిన కళ్లజోడూ లోపలికి జారి, అంచు మడతలో కాపురం పెట్టాయి. సూదక్క కోటుని తలకిందులు చేసి దులిపి, రాలినవన్నీ ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది.

"ఇది కోటా, సంచా పెద్దాయనా?" అంది.

"ఇల్లమ్మా," అన్నాను.

"అదీ నిజమే. చూరు కారుతోంది," అని కత్తెర అందుకుంది.

గది చిన్నది. కిటికీ కింద కాళ్లతో తొక్కే మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల. గోడ మేకులకి సగం కుట్టిన చొక్కాలు వేలాడుతున్నాయి, చేతుల్లేనివి కొన్ని, మెడపట్టీ లేనివి కొన్ని, ఒకదాన్నొకటి ఆనుకుని ఊగుతూ. గాజు సీసాల్లో బొత్తాలు రంగుల వారీగా ఉన్నాయి. ఆవిడ మెడలో టేపు, జడలో గుచ్చిన రెండు గుండుసూదులు, నడివేలికి ఇత్తడి తొడుగు. సూది వెనకభాగం వేలికి గుచ్చుకోకుండా దర్జీలు పెట్టుకుంటారే, అది. అన్నం తినేటప్పుడు తప్ప తీయదని తర్వాత తెలిసింది. యాభై దాటిన మనిషి, సన్నగా నిటారుగా ఉంటుంది, మాటకి కాస్త మొన ఉంటుంది. ఊరంతా సూదక్కా అని పిలవడానికి కారణం పనొక్కటే కాదనుకుంటాను. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు," అంటుంది.

గోడకి అవతల సెలూన్. గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడకి నోరు కూడా ఉంది. అవతల దువ్వెన కింద పెట్టినా ఇవతల వినబడుతుంది. ఆ మధ్యాహ్నం అవతల ఎవరో రికార్డు పెట్టారు. ముందు ముల్లు గరగర, తర్వాత గిటారు. గిటారు అనేకంటే, తడిరోడ్డు మీద ఎవరో కాలీడ్చుకుంటూ వస్తున్నారు అనడం నయం. నాకు పూర్తిగా మెలకువ వచ్చింది. అది గుడ్డిలాంతరు బ్యాండు వాళ్ల 'ఆగిన బండి'. నేను ఆ ఊరొచ్చిందే వాళ్ల కచేరీ కోసం.

ఆ పాట నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతుంది. ముగిసినట్టు కాదు, గుమ్మంలోంచి బయటికెళ్లబోతూ ఏదో మర్చిపోయి నిలబడ్డట్టు ఆగుతుంది. అది ఆగిన క్షణంలోనే సూదక్క పాదం పెడలు మీద ఆగింది. మిషను ఆగింది. అప్పుడే నాకు వర్షం వినిపించింది. గోడ అవతల రికార్డులో ఆ ప్రసిద్ధమైన రెండు చప్పట్లు పడ్డాయి, ఒక్కొక్క దాని వెనకా సన్నగా ఇత్తడి చప్పుడుతో. సరిగ్గా వాటితోపాటే ఇవతల సూదక్క నడివేలు బల్లని రెండుసార్లు తాకింది. టిక్. టిక్. గిటారు మళ్లీ కదిలింది, పెడలు మళ్లీ కదిలింది, వర్షం వెనక్కి పోయింది.

నేను నోరు తెరవబోయాను. ఆవిడ తలెత్తకుండానే, "దారం రంగు కలవలేదు, రేపు రండి," అంది.

గుడ్డిలాంతరు అంటే ఎవరో తెలియనివాళ్ల కోసం ఇక్కడ కాసేపు ఆగాలి. ఆగడం నా అలవాటు. రైళ్లు మారేచోట ఊళ్లు చూసినవాణ్ణి నేను.

వాళ్లు మొదట నలుగురు. పాడేవాడు గోడౌన్లో బస్తాల మీద గుర్తులు వేసేవాడు. పొడుగాయన గడియారాలు బాగుచేసేవాడు, గిటారు వాయించేవాడు. డ్రమ్ములాయన రొట్టెల బట్టీలో పిండి పిసికేవాడు. నాలుగోవాడు, లావు తీగల గిటారు వాయించేవాడు, బస్సు కండక్టరు. సాయంత్రాలు గోడౌన్లో బస్తాల మధ్య వాయించుకునేవారు. అక్కడ వెలుగు సరిగ్గా లేని లాంతరొకటి వేలాడేది, పేరు దాన్నుంచి వచ్చింది. వాళ్లు పాడింది బ్లూస్. బ్లూస్ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే, కూర్చుని ఏడిస్తే శోకం, నడుస్తూ ఏడిస్తే బ్లూస్ అంటాను. దానికి కరెంటు తగిలించి గొంతు పెంచితే రాక్. ఈ మూడు ముక్కల కోసం లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. వాటిలో ఇంతకంటే ఎక్కువ ఉందిగానీ, ఇంతకంటే పనికొచ్చేది లేదు.

మొదటి రికార్డు ఎవరూ కొనలేదు. బిందెల మీద మూతగా బాగుండేదని డ్రమ్ములాయనే చెప్పేవాడు. రెండోది వర్షాకాలంలో వచ్చింది, బహుశా అందుకే బతికింది. తర్వాత పొడుగాయన పాడేవాడితో పోట్లాడి వెళ్లిపోయాడు. కారణం అడిగితే ఇద్దరూ వేర్వేరు కారణాలు చెప్పేవారు, రెండూ అబద్ధమే. కొన్నేళ్లు గొడుగులమ్మాడట. ఒక రేవుపట్నంలో కచేరీ మధ్యలో జనంలోంచి గిటారు భుజాన వేసుకుని వేదికెక్కి, తన పాత చోట నిలబడి, ఏమీ జరగనట్టు వాయించాడు. ఆ రోజు నేనక్కడ ఉన్నాను. పాడేవాడు ఆయన వైపు చూడలేదు, మాట్లాడలేదు. తన మంచినీళ్ల గ్లాసు మాత్రం కాలితో కొంచెం అటు జరిపాడు. అంత అందమైన రాజీ నేను మళ్లీ చూడలేదు. కండక్టరు పోయాక ఆయన స్టూలు వేదిక మీద ఖాళీగానే ఉంచుతున్నారు. కొత్తవాడు పక్కన నిలబడే వాయిస్తాడు.

అభిమానులం మేమూ మారాం. ఒకప్పుడు జుట్టు ఊపడానికి వచ్చినవాళ్లం, ఇప్పుడు జుట్టు లేక తల ఒక్కటే ఊపుతున్నాం.

ఇక ఆ చప్పట్ల సంగతి. ముప్పై ఏళ్ల పైచిలుకు కిందట, ఈ ఊరి హాల్లో జరిగిన కచేరీని సౌండువాళ్లు పెట్టెలు తెచ్చి పట్టారు. అదే వాళ్ల పేరు నిలిపిన రికార్డు. 'ఆగిన బండి' ఆగినచోట హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది. అందులో ఎవరో ఒక్కరు, పాట అయిపోయిందనుకుని, రెండు చప్పట్లు కొడతారు. జనం నవ్వుతారు. ఆ నవ్వుల్లోంచి ఒక మగగొంతు, "నేనేనండీ!" అంటుంది. అప్పుడు గిటారు తిరిగొస్తుంది, ముందుకంటే బాగా. ఆ చప్పట్లు లేకపోతే అంత బాగా వచ్చేది కాదని పొడుగాయనే ఎక్కడో అన్నాడు.

రికార్డు విన్నవాళ్లు తర్వాతి ఊరి కచేరీలో సరదాకి అదే పని చేశారు. ఆ పై ఊళ్లోనూ చేశారు. అలా అది ఆచారమైంది. పాట ఆగినప్పుడు ఒక్కరే, రెండే చప్పట్లు కొట్టాలి, అందరూ నవ్వాలి, హాలంతా ఒక్క గొంతుతో "నేనేనండీ!" అనాలి. ఎవరు కొట్టాలన్నది ముందే తేల్చుకునేవారు. ఒక ఊళ్లో ఎవరూ తేల్చుకోలేదు. బ్యాండు అలాగే నిలబడింది, పాట రాదు. చివరికి టిక్కెట్లు చింపే ఆయన పరిగెత్తుకొచ్చి కొట్టాడు. ఆ చప్పట్ల వెనక టిక్కుమనే చప్పుడేమిటో ఎవరికీ తెలియదు. ఉంగరమన్నారు, సిగరెట్ లైటరన్నారు. దాని మీద నేను చూసిన తగాదాలు పొలం గట్టు తగాదాలకి తీసిపోవు.

"నేనేనండీ" అన్న గొంతు ఎవరిదో మాత్రం ఊరికి తెలుసు. సెలూన్ బావది. బావంటే సూదక్కకి బావ, సొంత అక్క మొగుడు. క్రమంగా ఊరందరికీ బావైపోయాడు. దూరాల నుంచి అభిమానులు వచ్చి ఆయన చేత గడ్డం గీయించుకునేవారు. గీసి, తువ్వాలు దులిపి, ఆయన రెండు చప్పట్లు కొట్టి "నేనేనండీ" అనేవాడు. అద్దం చుట్టూ వాళ్లతో దిగిన ఫొటోలు. టిక్కు రావడం లేదేమని ఎవరైనా అడిగితే వేలికున్న ఉంగరం చూపించి, "ఆ రోజు చలి. లోహానికి చలేస్తే గొంతు మారుతుంది," అనేవాడు. నేనూ ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చుని గీయించుకున్నవాణ్ణే. ఆ చలి సిద్ధాంతం నమ్మినవాణ్ణే.

మర్నాడు సెలూన్లోకి వెళ్తే కత్తి పట్టుకుని నిలబడింది అక్క. సూదక్క కంటే పెద్దది, గుండ్రంగా ఉంటుంది, నోటికి తాళం లేదు.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి. భయపడకండి, ఇంతవరకు ఎవరి చెవీ కొయ్యలేదు. నా మొగుడిది కొయ్యాలనుకున్నాగానీ ఆయనకది ఎలాగూ పనిచెయ్యదు."

బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్ల సామాను కాపలా కాస్తున్నవాడిలా కూర్చున్నాడు. వేలికి ఉంగరం ఇంకా ఉంది. పక్కన రికార్డు యంత్రం ఉంది.

"గురువుగారూ, జ్ఞాపకం ఉన్నారు," అన్నాడు. "మీసం తీసేశారు."

"అదే పోయింది బావా. నేను తియ్యలేదు."

నవ్వాడు, సగం మొహంతో. నా గడ్డానికి అక్క నురగ పట్టిస్తుండగా హాలు మేనేజరు వచ్చాడు. ఆయన రావడం అది మూడోసారట. పాడేవాడు కబురు పంపాడు. ఇది ఆఖరి యాత్ర, ఇదే హాలు, చప్పట్లు ఇంకెవరూ కొట్టకూడదు, మొదట కొట్టిన మనిషే, అప్పుడు నిలబడ్డ స్తంభం దగ్గరే నిలబడి కొట్టాలి.

"రానని చెప్పండి," అన్నాడు బావ.

"అలా అంటే ఎలా బావా? ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు నీకోసం!"

"ఈ చేత్తో కొట్టమంటావా? ఇది నీదనుకుని తీసుకెళ్లు."

మేనేజరు దిక్కుతోచక అక్క వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం నాయనా? ఇన్నేళ్ల కాపురంలో నా వంటకి ఒక్కసారి చప్పట్లు కొట్టాడా ఈయన? ఊరివాళ్లకి కొట్టి కొట్టి అరగదీసుకున్నాడు. ఇప్పుడేమో అన్నం దగ్గర కూర్చోబెడితే గోడవైపు తిరుగుతున్నాడు." కత్తి నా గొంతు మీద ఆగింది. ఆవిడ గొంతు కూడా ఒక క్షణం ఆగింది. "ఏమయ్యా, వెళ్లి ఊరికే నిలబడి రారాదూ? చెయ్యి పడిపోయిందని అందరికీ తెలుసు. తప్పు పట్టేదెవరు?"

"నిలబడ్డానికి స్తంభం ఉందిగా అక్కడ," అన్నాడు బావ.

కోటు కోసం సూదక్క దగ్గరికి వెళ్లాను. లోపలి గుడ్డ కుడుతోంది. బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. ముసలివాళ్లకి ఈ ఒక్క సౌకర్యం ఉంది. కళ్లు మూసుకుంటే చాలు, లోకం మనని లెక్కలోంచి తీసేస్తుంది. వర్షం తగ్గి, చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. ఇస్త్రీ ఆవిరి వాసనలో గది ఎటో తేలిపోతున్నట్టుంది. గుమ్మంలో కాలీడ్చిన చప్పుడైంది. ఒక్క క్షణం ఆ పాటే మొదలైందనుకున్నాను. బావ.

"అక్క లేదులే, నీళ్లకి వెళ్లింది," అన్నాడు. "మరదలా, రేపు నువ్వెళ్లు."

"నేనెందుకు బావా?"

"నీది నీకిచ్చేస్తున్నా. ఎవరి చెట్టు పేరో చెప్పుకుని ఇన్నాళ్లూ కాయలమ్ముకున్నాను. చాలు."

"నాదెప్పుడైంది అది?"

"చేతులు నీవి కాదూ?"

"చేతులు నావి. సిగ్గు నువ్వు పడ్డావు. నవ్వినప్పుడు నీది, మెచ్చుకున్నప్పుడు నాదీనా? అదెక్కడి న్యాయం? ఆ స్తంభం దగ్గర నువ్వే నిలబడాలి."

"నిలబడి? పాట ఆగుతుంది. వాళ్లు చూస్తూ ఉంటారు. నేను ఒంటిచేత్తో గాలి తోలుకుంటూ ఉంటాను. ఇన్నేళ్ల అబద్ధం అక్కడ నించుని నన్నే చూస్తుంది."

బావ కాలీడ్చుకుంటూ వెళ్లిపోయాడు. సూది రెండు మూడు కుట్లు నడిచింది.

"నిద్ర బాగా పట్టిందా పెద్దాయనా?" అంది సూదక్క.

కళ్లు తెరిచాను. "గురక పెట్టానా?"

"పెట్టలేదు. అందుకే తెలిసింది." దారం కొరికింది. "పాట ఆగినప్పుడు నా వేలు మీరు నిన్ననే చూశారుగా. విననట్టు నటించకండి, వయసుకి బాగోదు."

అప్పుడు చెప్పింది. ఆవిడకి ఇరవై దాటి కొంచెం. కొట్టు పెట్టిన కొత్త. హాలు నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి, పాడేవాడి కోటు భుజం దగ్గర చిరిగిందని చెప్పాడు. వయసులో ఉన్న పిల్లని ఆ గుంపులోకి ఒంటరిగా పంపనని అక్క పట్టుబట్టి, మొగుణ్ణి తోడు పంపింది. వేదిక వెనక కోటు మనిషి ఒంటిమీద ఉండగానే కుట్టేసింది. "కదిలితే గుచ్చుతానన్నాను. బొమ్మలా నిలబడ్డాడు పాపం. పాడేవాళ్లు ఇంత భయస్థులా అనుకున్నా." అయ్యాక ఆయన, ఒక్క పాట విని వెళ్లమ్మా అన్నాడు. ఆవిడ బావతో కలిసి పక్క తలుపు దగ్గర, స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. వేలికి తొడుగు తీయడం మర్చిపోయింది.

"అలాంటి పాట నేను అంతకుముందు వినలేదు. మాటలు కూడా సరిగ్గా అర్థం కాలేదు. ఎవరో పొద్దుటి నుంచీ నడిచి నడిచి మా ఇంటి ముందుకొచ్చినట్టు అనిపించింది. తలుపు తియ్యాలా వద్దా అనుకుంటున్నా, ఇంతలో ఆగిపోయింది. అందరూ ఉలక్కుండా ఉన్నారు. నాకు చచ్చే బాధేసింది పెద్దాయనా. అంత కష్టపడి పాడితే ఒక్కళ్లూ చప్పట్లు కొట్టరేంటి? నొచ్చుకోరూ? అని..."

రెండు కొట్టేసరికి తలలన్నీ ఇటు తిరిగాయి. నవ్వులు. మూడోది కొట్టబోయిన చేతులు గాలిలో ఉండిపోయాయి. భూమి చీలితే బాగుండుననుకున్న ఆ క్షణంలో, పక్కనున్న బావ చెయ్యెత్తి, "నేనేనండీ!" అన్నాడు. తలలన్నీ ఆవిడ మీంచి జరిగి ఆయన మీదికి వెళ్లాయి.

"ఇంటికొచ్చేదాకా నేను మాట్లాడలేదు. ఆయనే అన్నాడు, 'మంగలోళ్ల షాపులో ఎంతమంది ఎన్నిసార్లు నవ్వలేదు నన్ను చూసి, ఇంకోసారి నవ్వితే నాకేం పోయింది' అని. ఆ తర్వాత రికార్డొచ్చింది. ఆయన గొంతు అందులో ఉంది. జనం ఆయన కోసమే వచ్చారు. కాదని ఎలా చెప్తాడు? చెప్తే, మరెవరని అడుగుతారుగా. అలా నన్ను దాస్తూ దాస్తూ ఆయన ఇరుక్కుపోయాడు."

"నీకెప్పుడూ అనిపించలేదా? అది నాది అని?"

ఆవిడ తొడుగుని వేలిమీద ఒకసారి తిప్పింది. "రోజూ గోడలోంచి వినిపించేది. మొదట్లో సిగ్గేసేది. తర్వాత తర్వాత... నా చేతులు ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి, ఏయే ఊళ్లలోనో పాటలు మళ్లీ నడిపిస్తున్నాయి, నేనిక్కడ బొత్తాలు కుట్టుకుంటున్నాను అనిపించేది. ఒక్కసారి మళ్లీ కొట్టాలని ఉండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఉంది. కానీ దానికోసం ఆయన తల దించుకోవాలా? నాకొద్దు." కోటు దులిపి నా చేతికిచ్చింది. "ఇదిగో మీ ఇల్లు. ఈసారి కళ్లజోడు పై జేబులో పెట్టుకోండి."

మనుషులు చప్పట్లెందుకు కొడతారో అని నేను చాలా ఊళ్లలో ఆలోచించాను. కొన్నిచోట్ల మెచ్చుకోలుకి కొడతారు, కొన్నిచోట్ల పక్కవాడు కొట్టాడని కొడతారు, కొన్నిచోట్ల ఇక దిగిపొమ్మని కొడతారు. పాడినవాళ్లు నొచ్చుకుంటారేమోనని కొట్టిన చప్పట్ల గురించి వినడం అదే మొదలు. ఆ కోటు వేసుకుని వీధిలో నడుస్తుంటే లోపలి గుడ్డ కొత్తగా, వెచ్చగా తగిలింది. ఈ ముగ్గురిలో ఎవరు ఎవరిని కాపాడుతున్నారో తేలక చాలాసేపు తిరిగాను.

కచేరీ రోజు ఎండ వాలుతుండగా హాలు నిండింది. కిటికీల పైభాగం రంగుటద్దాల్లోంచి వెలుగు బట్టతలల మీద ఎర్రగా, నీలంగా పడుతోంది. స్తంభం దగ్గర చోటు ఖాళీగా వదిలేశారు. వేదిక మీద కండక్టరు స్టూలు ఖాళీగా ఉంది. ఆ రెండు ఖాళీలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టున్నాయి.

వస్తారా రారా అనుకుంటుండగా పక్క తలుపు తెరుచుకుంది. ముందు అక్క, ఎడమచేత్తో జనాన్ని తోస్తూ, "జరగండి జరగండి, పెళ్లికొడుకు వస్తున్నాడు," అంటూ. వెనక బావ, తెల్లచొక్కాలో. ఆ చొక్కా కుడిచేతిని సూదక్క కొంచెం వదులుగా కుట్టింది, పడిపోయిన చెయ్యి సులువుగా పట్టేలా. అందరికంటే వెనక ఆవిడ. ఆయన ఎలా ఒప్పుకున్నాడో నేనడగలేదు. తర్వాత అక్కే చెప్పింది. "రాకపోతే రేపటి నుంచి నీ గడ్డం నేనే గీస్తానన్నా, వచ్చాడు."

బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సూదక్క ఆయనకి ఎడమపక్కన నిలబడింది, ఆ రోజు నిలబడినచోటే అయ్యుంటుంది.

పాడేవాడు ముసలివాడయ్యాడు. గొంతు అరిగిపోయింది. మెట్లు అరిగినట్టు, ఎక్కినవాళ్లందరూ గుర్తొచ్చేలా. ఒకదాని తర్వాత ఒకటి పాటలు దాటాయి. నా పక్కాయన ప్రతి పాటకీ తానది మొదట విన్న ఊరి పేరు గొణుక్కుంటున్నాడు. వెలుగు కిటికీల మీద నుంచి గోడల మీదికి, అక్కణ్ణుంచి కప్పుకి ఎక్కి పల్చబడింది. అప్పుడు పొడుగాయన తలొంచి, తడిరోడ్డు మీద ఆ మొదటి అడుగు వేశాడు.

పాట నడిచింది. నేను పాటని చూడలేదు, స్తంభాన్ని చూస్తున్నాను. బావ ఎడమచెయ్యి చొక్కా అంచుని పట్టుకుని ఉంది. పాట దగ్గరకొచ్చింది, ఇంకా దగ్గరకొచ్చింది. ఆగింది.

హాలంతా ఆయన వైపు తిరిగింది. వేదిక మీది ముసలివాళ్లూ తిరిగారు. బావ ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది. తెరిచిన అరచెయ్యి, దేన్నో ఆపుతున్నట్టు. అది అలాగే గాలిలో ఉండిపోయింది. ఎంతసేపో చెప్పలేను. అలాంటి సమయానికి గడియారాలు పనికిరావు. ఎవరో దగ్గారు. బావ కళ్లు మూసుకున్నాడు.

సూదక్క కుడిచెయ్యి వచ్చి ఆ అరచేతిని కొట్టింది. ఒకసారి. రెండోసారి.

టిక్. టిక్.

నవ్వాల్సినవాళ్లం ఎవరమూ నవ్వలేదు. అన్నేళ్లుగా అన్ని ఊళ్లలో ఎందరో కొట్టిన చప్పట్లు విన్నాం, ఆ ఇత్తడి చప్పుడు మాత్రం రికార్డులో తప్ప ఎక్కడా వినలేదు. వేదిక మీద పాడేవాడు మైకు వదిలేసి ఒక అడుగు ముందుకొచ్చాడు. చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి, ఒకప్పుడు కోటు చిరిగినచోటికి పోయింది.

ఇక "నేనేనండీ" రావాలి. హాలు దానికోసం ఆగి ఉంది. బావ కళ్లు తెరిచాడు. ఆయన గొంతు ముద్దగా వచ్చినా, ఆ నిశ్శబ్దంలో చివరి వరస దాకా వినబడింది.

"నేను కాదండీ. అప్పుడూ నేను కాదు. మా మరదలు."

సూదక్క ఎక్కడ దాక్కోవాలో తెలియనట్టు స్తంభం వైపు జరిగింది. మూడోది కొట్టబోయిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. బావ తల వంచుకుని నిలబడ్డాడు, తిట్లకి సిద్ధమైనవాడిలా.

అప్పుడు అక్క, హాలంతటికీ వినబడేలా చెల్లెలితో అంది.

"అయ్యో రాత! పాట ఇంకా అవలేదే! అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. నీకెప్పుడూ తొందరే."

బావ తల విసురుగా లేచింది. "నీకు తెలుసా?"

"ఆ టిక్కుటిక్కు పక్కన పడుకుని పెరిగాను. నాకు తెలియదూ? రికార్డొచ్చిన రోజే తెలుసు. చెల్లెలి పరువు కాపాడావు కదాని నోరు మూసుకున్నా. లేకపోతే నీ ఉంగరం కథలు ఇన్నేళ్లు వినేదాన్నా?" వేదిక వైపు తిరిగింది. "కానివ్వండి బాబూ, మీరు కానివ్వండి. మా ఇంటి గోల ఎప్పుడూ ఉండేదే."

నవ్వు మొదట వేదిక మీద పుట్టింది, డ్రమ్ములాయన దగ్గర. అక్కణ్ణుంచి హాల్లోకి దిగింది. ఆచారం కోసం ఇన్నేళ్లుగా నవ్వుతూ వచ్చిన నవ్వు కాదది. ఎవరో దాన్ని మళ్లీ మొదటిసారి కనిపెట్టారు. ఆ నవ్వులో బావ కూడా సగం మొహంతో నవ్వుతూ, గాలిలో ఉండిపోయిన మరదలి చెయ్యి పట్టుకుని, వదలడం మర్చిపోయాడు.

నవ్వు ఆగేదాకా పొడుగాయన ఆగలేదు. దాని మధ్యలోంచే గిటారు కదిలింది. తడిరోడ్డు, ఈడ్చిన కాలు, ఎవరి ఇంటి ముందుకో వస్తున్న మనిషి. ఈసారి తలుపు తీసే ఉందని తెలిసినట్టు నడిచింది.

నేను స్తంభం వైపు చూశాను. కిటికీల్లో వెలుగు పూర్తిగా పోయింది. ఆ మసకలో సూదక్క కళ్లు మూసుకుని నిలబడి ఉంది. కుడిపాదం మాత్రం, అక్కడ లేని పెడలుని మెల్లగా తొక్కుతూనే ఉంది.